సోమలింగం చెవుల్లో ఆముదం

సూరత్ భేస్తాన్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికులు ఉండే ఆ గల్లీలో వెంకటవ్వ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. ఆముదం వాసన పట్టుకుని పొమ్మంటారు. రెండు నెలలకోసారి ఆమె ఆముదం వండే రోజున ఆ వాసన గల్లీ మొదట్లో ఉన్న కిరాణా దుకాణం దాకా వస్తుంది. దుకాణంలో కూర్చునే గుజరాతీ సేఠాణీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, సీసాల్లో దివేల్ దొరుకుతుండగా ఈ తంటా ఎందుకమ్మా అని అడుగుతుంది. ఆముదాన్ని వాళ్లు దివేల్ అంటారు. ఏడాదికి సరిపడా గోధుమలు ఒక్కసారే కొని, పురుగు పట్టకుండా వాటికి ఆ నూనె పట్టించి డబ్బాల్లో పోసుకుంటారు. గోధుమలకు పూసేది మనిషికి పూస్తారా అని వెంకటవ్వ మూతి తిప్పుతుంది. అలాగని సేఠాణీ అంటే కోపమేమీ లేదు. ఆముదపు గింజలు తెప్పించి పెట్టేది ఆవిడే.

వెంకటవ్వ గింజల్ని దోరగా వేయించి, మెత్తగా దంచి, మరిగే నీళ్లలో ఆ ముద్ద వేసి ఉడకబెడుతుంది. పైకి తేలిన నూనెను గరిటెతో నిదానంగా తీసి వేరే గిన్నెలో పోసి, చిటపటలు ఆగేదాకా మళ్లీ కాస్తుంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటుతుంది. ఆ మధ్యలో ఎవరైనా వచ్చి తొందరపెడితే వాళ్ల పని అయిపోయినట్టే. అరవై రెండేళ్ల మనిషి, చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గట్టిది.

పన్నెండు గంటలు సాంచాల దగ్గర నిలబడి మడమలు పగిలిన మగవాళ్లు, నెత్తిన పట్టించడానికి బాలింతలు, జుట్టు ఊడిపోతోందని పెళ్లికాని పిల్లలు, అందరూ ఆమె దగ్గరికే ఖాళీ సీసా పట్టుకుని వస్తారు. కడుపు ఉబ్బిన పసిపిల్లాడి పొట్టకి ఆముదం రాసి, వెచ్చచేసిన తమలపాకు వేసి, తల్లిని నాలుగు తిట్టి పంపిస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు. చెవులకు పోసే ఆముదం ఒక్కటీ ఒక ఎత్తు. గల్లీలో ఆమెకు పేరు తెచ్చిపెట్టింది అదే.

ఎందుకంటారా? ఆమె భర్త సోమలింగం నలభై ఏళ్లు సాంచాలు నడిపాడు. ఆయనతోపాటు అదే కార్ఖానాలో చేసిన రాములుకు ఇప్పుడు పక్కన పటాకులు పేల్చినా వినపడదు. అక్కడే చేసిన వెంకటయ్యతో మాట్లాడాలంటే భుజం పట్టుకుని కుదపాలి. సోమలింగం మాత్రం అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఎదురుగా నిలబడి మెల్లగా అడిగినా టక్కున జవాబిస్తాడు. ప్రతి ఆదివారం ఆయన చెవుల్లో గోరువెచ్చటి ఆముదం రెండేసి చుక్కలు వేసింది తనే కదా! వెంకటవ్వ ఈ మాట చెప్పని రోజు లేదు. నమ్మనివాళ్లు ఉంటే చేత్తో భర్తను చూపించేది. ఆయన నవ్వుతూ తలూపేవాడు. అంతకన్నా రుజువు ఎవరికి కావాలి?

సోమలింగం మంచి మర్యాదస్తుడని కూడా గల్లీలో పేరు. ఎవరు మాట్లాడినా చేస్తున్న పని ఆపి ముఖంలోకి చూస్తాడు. టీవీలో ఏదైనా వస్తుంటే భార్య నవ్వాక నవ్వుతాడు. ఫోన్లు మాత్రం ఆయనకు పడవు. మనవరాలు సింధూజ చేసినా, నీ మనవరాలే, నువ్వే మాట్లాడు అని భార్య చేతిలో పెట్టేస్తాడు. కొడుకు గోపాల్ పల్సానాలో మిల్లు పనికి దగ్గరగా కాపురం ఉంటాడు. వచ్చినప్పుడు తండ్రితో మాట్లాడేది నాలుగు మాటలే, అవీ ఎదురుగా కూర్చుని. ఇంతమంది కళ్ల ముందు జరుగుతున్నది ఒక్కరికీ తట్టలేదు. దానికి కారణం ఉంది.

పెళ్లయిన ఏడే సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చారు. ఆయన సాంచాల మీద, ఆమె అదే కార్ఖానాలో దారం కండెలు చుట్టే పనిలో. వంద సాంచాలు ఒక్కసారి కొడుతుంటే మనిషి గొంతుకి అక్కడ పనేముంటుంది? అరిచి అరిచి నాలుగు రోజుల్లో అందరూ మానేస్తారు. పెదవులు కదిపితే చాలు, అవతలివాళ్లు చదువుకుంటారు. దారం తెగిందనీ, సేఠ్ వస్తున్నాడనీ, ఇవాళ ఏం కూరనీ, అన్నీ చప్పుడు లేని మాటలే. అలవాటు ఇంటికీ వచ్చింది. వెంకటవ్వ గల్లీలో ఎంత గొంతు చించుకున్నా, భర్తతో మాట్లాడేటప్పుడు ఆయన ముందుకి వచ్చి, పెదవులు పెద్దగా కదిపి, గొంతు లోపలే ఉంచుకుంటుంది. చూసినవాళ్లు, ఈ ముసలిదంపతులకు ఇంకా గుసగుసలు తీరలేదని మేలమాడేవారు. అలాంటి ఇంట్లో ఒక మనిషికి చెవుడు వస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

తెలిసింది వెంకటవ్వ పన్ను వల్ల.

కింది దవడ పన్ను ఒకటి పుచ్చి వారం రోజులు నిద్ర లేకుండా చేస్తే, ఓర్చుకోలేక పీకించుకుంది. బుగ్గ బూరెలా పొంగింది. ఆ ముఖం నలుగురికీ చూపించడం నామోషీ అనిపించి కొంగుతో ముక్కు కింది నుంచి కప్పుకుని మూడు రోజులు తిరిగింది. మాట ముద్దగా వచ్చినా కూరగాయలవాడికి అర్థమైంది, పక్కింటి మంగకు అర్థమైంది. సోమలింగానికే అర్థం కాలేదు. చాయ్ తాగుతావా అని అడిగితే, అవును, ఎండ బాగా ఉంది అన్నాడు. పళ్లు పోయిన పెళ్లాంతో పరాచికాలా అని ఆమె విసుక్కుంది.

మూడో రోజు పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మూడు సీటీలు రాగానే బంద్ చెయ్యమని కొంగు చాటునుంచే చెప్పి, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లింది. ఆయన తలూపాడు. పైనుంచి ఆమె సీటీలు లెక్కపెట్టుకుంటోంది. నాలుగు. అయిదు. ఏడోది వినేసరికి ఒళ్లు మండి దిగివచ్చింది. అప్పుడే మాడు వాసన మొదలైంది. సోమలింగం పొయ్యికి వీపు పెట్టి కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు. అంత ప్రశాంతంగా మనిషి కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పొయ్యి ఆర్పింది. తిట్టడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగింది. ఆయన వీపు వైపు చూసింది. ఏమయ్యా అంది. వెల్లుల్లి రెబ్బ ఒకటి గిన్నెలో పడింది. గోపాల్ నాయినా అంది. ఇంకో రెబ్బ పడింది. అప్పుడు వెంకటవ్వ, పెళ్లయిన నలభై నాలుగేళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. రేషన్ కార్డు దగ్గర కూడా, పక్కనున్నవాళ్లతో చెప్పించిందే తప్ప తన నోట రానివ్వని ఆయన పేరును, కొంగు తీసేసి గట్టిగా పలికింది.

"సోమలింగం."

గోడ అవతల మంగ ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన మాత్రం తిరగలేదు. గోటితో పొట్టు గీరుతూనే ఉన్నాడు. వెంకటవ్వ వెళ్లి ఆయన ముందు కూర్చుంది. ఆయన తలెత్తి ఆమె ముఖం చూశాడు, పొగ చూశాడు, పొయ్యి వైపు తిరిగి చూశాడు. దొంగతనం బయటపడ్డ మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా అయిపోయాడు.

"నీకు ఇనవడ్తలేదా?" అని అడిగింది.

ఎప్పటిలాగే పెదవులు చదివి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోగలడు. ఆయన మాత్రం చేతిలోది కింద పెట్టాడు. "లేదు" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"పదేండ్లాయె."

పదేళ్లు! వెంకటవ్వకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ పదేళ్లలో ఎన్ని ఆదివారాలు, ఎంతమంది ఆడవాళ్ల ముందు ఈయన్ని చూపించి గొప్పలు పోయింది! ఎంతమంది మగవాళ్ల చెవుల్లో తన చేత్తో చుక్కలు వేసి ధైర్యం చెప్పి పంపింది! గల్లీలో అందరి ముందూ నన్ను అబద్ధాలకోరును చేశావని ఆయన్ని నిలదీసింది. ఆయన ఒప్పుకున్నాడు. నువ్వు నా చెవుల గురించి చెప్పేటప్పుడు నీ ముఖం అంత వెలిగిపోతుంటే, ఎలా కాదనేదని అన్నాడు. అది సగం సంగతే అని ఆమెకు తెలుసు. మనిషి ఇంకా ఏదో మింగుతున్నాడు. మిగతాది కూడా కక్కమంది.

"చెప్తె నువ్వు ఆముదం పోసుడు బంద్ జేస్తవనుకున్న" అన్నాడు సోమలింగం. "బతుకంత సాంచాల కాడ్నే అయిపాయె. ఆదివారం ఆ జరసేపే నా తల నీ ఒడిల ఉండేది. చెవులు పోయినయంటే దవాఖాన అంటవ్, మందులంటవ్. ఒడి పోతది గద."

వెంకటవ్వ లేచి వెళ్లి మాడిన కుక్కర్ ముందేసుకుని, సగం పీచు అరిగేదాకా తోమింది. తోముతూ ఏడ్చింది. ఎలాగూ ఆయనకి వినపడదని గట్టిగానే ఏడ్చింది.

ఆ రోజునుంచి ఇంకో పురుగు ఆమెను తొలవడం మొదలుపెట్టింది. ఆయన చెవులు పోయింది సాంచాల వల్లనా, తన ఆముదం వల్లనా? ఈ మాట కొడుకుతో అనలేదు, మంగతో అనలేదు. తండ్రి చెవుల కబురు తెలిసి శనివారం గోపాల్ సెలవు పెట్టి వచ్చి ఇద్దరినీ చెవుల ఆస్పత్రికి తీసుకెళ్లాడు. సోమలింగాన్ని చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేస్తున్నంతసేపూ ఆమె బయట బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నూనె ఎంత కడిగినా పోని చేతులు. వాటిని చూసుకోవాలంటేనే భయమేసింది.

డాక్టరమ్మ హిందీలో చెప్పింది, గోపాల్ విడమరిచాడు. ఏళ్ల తరబడి ఆ హోరులో ఉండి లోపలి నరం చచ్చుబడిందట. మందులతో తిరిగి రాదట. మిషన్ పెడితే చాలావరకు వినవచ్చట. వెంకటవ్వ కొడుకును పక్కకు నెట్టి, వచ్చీరాని హిందీలో తనే అడిగింది, నేను నూనె పోయడం వల్ల పోయాయా అని. డాక్టరమ్మ కాదంది. ఆమె మళ్లీ అడిగింది. డాక్టరమ్మ ఈసారి ఆమె చెయ్యి పట్టుకుని, మీ నూనె ఈయన చెవుల్ని చెడగొట్టలేదు, కాపాడనూ లేదు, అది లోపలి నరం దాకా పోనే పోదు అని చెప్పింది. కర్ణభేరికి చిల్లి ఉన్నవాళ్లకైతే చెవిలో ఏం పోసినా ప్రమాదమే, కాబట్టి ఇకమీదట ఎవరి చెవిలోనూ పోయవద్దంది.

చెడగొట్టలేదన్న మాటకి వెంకటవ్వ ప్రాణం లేచొచ్చింది. కాపాడలేదన్న మాట ఇంటికొచ్చేదాకా ఆమెతోపాటు ఆటోలో కూర్చుంది.

వచ్చేసరికి గుమ్మం దగ్గర మంగ. ఆమె మూడేళ్ల పిల్లాడు చెవి పట్టుకుని ఏడుస్తున్నాడు. పొద్దున్నుంచి ఏడుపు ఆపడంలేదు, కొంచెం చీము కూడా వస్తోంది, నువ్వు రెండు చుక్కలు వేస్తే తగ్గిపోతుందని కాచుకుని కూర్చున్నానంది. మేలమాడటానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. పేరు పెట్టి మొగుణ్ని పిలిచిన సంగతి గల్లీకి అప్పటికే తెలిసిపోయింది మరి.

లోపల అలమరలో ఆముదం సీసా నిండుగా ఉంది. వంకలు చెప్పాలంటే వెంకటవ్వకు కొదవా? నూనె అయిపోయిందనవచ్చు, ఇవాళ మంచిరోజు కాదనవచ్చు. ఇరవై ఏళ్లుగా సంపాదించిన పేరు అలాగే ఉంటుంది. ఆమె భర్త వైపు చూసింది. ఆయన ఆమె పెదవులవైపే చూస్తున్నాడు. మంగకు చెబుతున్నట్టుగానే, ఆయనకీ తెలిసేలా నిదానంగా చెప్పింది.

"చెవిల పొయ్యద్దు బిడ్డా. ఈయినె చెవులు ఎన్నడో పోయినయ్. నా ఆముదంతోని ఏం గాలే. పోరన్ని జప్పున దవాఖానకు తీస్కపో."

మంగ నమ్మనట్టు చూసింది. గోపాల్ పిల్లాణ్ని ఎత్తుకుని, పద, ఆటో ఇంకా ఇక్కడే ఉంది అన్నాడు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ తరవాత కొన్ని రోజులు ఆ గుమ్మం తొక్కినవాళ్లు తక్కువ. రాములు భార్య అయితే, చెవుడొచ్చాక ఇన్నాళ్లూ మా ఆయన చెవుల్లో ఏం పోశావని కుళాయి దగ్గర నలుగురిలో నిలదీసింది. వెంకటవ్వ, తప్పయింది వదినా అంది. అంత నోరున్న మనిషి అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి మాత్రం అన్నం తినలేదు. సోమలింగం ముద్ద కలిపి పళ్లెం ముందుకు జరిపితే, ఆయన కోసం రెండు ముద్దలు తింది. మంగ పిల్లాడికి వారంలో తగ్గింది. మడమల పగుళ్లకి మగవాళ్లు మళ్లీ సీసాలతో రావడం మొదలుపెట్టారు. మడమలను ఆముదం ఎన్నడూ మోసం చేయలేదు.

మూడు వారాలకు చెవి మిషన్లు వచ్చాయి. వేరుసెనగ గింజంత సైజులో రెండు. అవి పెట్టుకున్న మొదటి రెండు రోజులూ సోమలింగం పిచ్చివాడిలా తిరిగాడు. ఫ్యాను ఇంత మొత్తుకుంటుందా అని దాన్ని ఆపి చూశాడు. తన చెప్పుల చప్పుడుకి తనే వెనక్కి తిరిగాడు. సింధూజతో ఫోన్లో పావుగంట మాట్లాడి, పిల్ల తెలుగులో సగం హిందీ, సగం గుజరాతీ అని మురిసిపోతూ చెప్పాడు. వెంకటవ్వ గొంతు గురించి మాత్రం ఏమీ అనలేదు. ఆమె కూడా ఆయన ముందు గొంతు పెగల్చలేదు. కొత్త పెళ్లికూతురికి ఉండేంత సిగ్గు ఎక్కడినుంచి వచ్చిపడిందో ఆమెకే తెలియలేదు. ఎప్పటిలా పెదవులు కదిపి పని కానిచ్చింది.

ఆదివారం వచ్చింది. తలంటుకోకముందు ఆయన అలవాటుగా వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాడు. మిషన్లు తియ్యలేదు. ఆమె చెవుల జోలికి పోకుండా, వేళ్లు గోరువెచ్చటి ఆముదంలో ముంచి మాడు మీద పెట్టి మెల్లగా మర్దనా చేయసాగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

ఇన్నేళ్లూ ఆ జరసేపు ఆమె మౌనంగా గడిపింది కాదు. చెవుల్లో నూనె పోసి దూది పెట్టాక ఆయనకి వినపడదని ధైర్యం. ముఖం మీద అనలేనివన్నీ అప్పుడు అనేది. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒక్కటే. ఇరవై ఆరేళ్ల కిందట సిరిసిల్లలో ఆమె తల్లి చనిపోతే, కబురు సేఠ్ ఆఫీసు ఫోన్‌కి వచ్చింది. దసరా సరుకు సాంచాల మీద ఉంది. సోమలింగం రెండు రోజులు ఆ మాట తనలోనే దాచుకుని, సరుకు దిగాక చెప్పాడు. వాళ్లు వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. ఆమెకు ఆఖరి చూపు దక్కలేదు. ఎందుకు దాచావని ఆమె ఒక్కనాడూ అడగలేదు. నూనె నిండిన ఆయన చెవుల దగ్గరే తిట్టుకుంది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది.

"ఆపినవేంది?" అన్నాడు సోమలింగం కళ్లు తెరవకుండానే.

ఆమె చేతులు చూసుకుంది. మర్దనా ఆపలేదే.

"ఆముదం పోసినంక నువ్వు ఏందో చెప్తుంటివి గద" అన్నాడు. "నీ కడుపు కదులుతుంటె నెత్తికి తెలుస్తుండె. ఒక్కొక్కపారి ఎక్కువ కదులుతుండె. ఏం జెప్తున్నవో తెల్వకపాయె. గా మాట చెప్పు."

ఆమె పెదవులు కదిపింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. కావాలనే మూసుకున్నాడని ఆమెకు అర్థమైంది. గొంతు సవరించుకుంది. వచ్చిన గొంతు సన్నగా, ముసలిగా, వణుకుతూ వచ్చింది.

"మా అవ్వ సచ్చిపోయిన కబురు రెండొద్దులు నీ కాడ దాసుకున్నవ్."

ఆ రెండు రోజులూ తను ఒక్క దారమూ సరిగ్గా చూడలేకపోయానని, సేఠ్ సెలవు ఇవ్వనన్నాడని, చెబితే నువ్వు ఒక్కదానివే బయల్దేరతావని భయపడ్డానని ఆయన చెప్పాడు. ఇవన్నీ చెప్పుకోవడానికేనని, తప్పు తనదేనని కూడా అన్నాడు. వెంకటవ్వ ఇరవై ఆరేళ్లు దాచుకున్న తిట్లు నోటికి రాలేదు. మా అవ్వ నన్ను అడిగిందట, చివరిదాకా వాకిలివైపే చూసిందట అని మాత్రం చెప్పింది.

"చెప్పు" అన్నాడు. "ఇంక ఏమన్నదట?"

ఆమె చెబుతోంది. గొంతు విప్పి, ఒక్కొక్క మాటా. ఆయన మూసిన కళ్లనుంచి నీళ్లు రెండు పక్కలా చెవుల వైపు జారుతుంటే, మిషన్లు తడుస్తాయని నూనె అంటని కొంగు కొసతో అద్దుతూ చెబుతోంది.